పాత సీసం గనుల పక్కన ఇంటి పెరడు శుభ్రం చేయడం: మట్టి పరీక్ష నుంచి కొత్త పచ్చిక దాకా

సీసం కుళ్ళదు, ఆవిరి కాదు, వాన నీటితో పెద్దగా లోపలికి దిగదు. గని మూతపడి యాభై ఏళ్లు దాటినా పెరట్లో పై జానెడు మట్టిలోనే ఉంటుంది. పాకే పిల్లాడు ఆ మట్టిలో చెయ్యి పెడతాడు, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది. హాని చేసేది కంటికి కనిపించే రాళ్లూ గడ్డలూ కాదు, వేలిముద్రల గీతల్లో ఇరుక్కునే మెత్తటి పొడి. కాబట్టి పెరడు శుభ్రం చేయడమంటే మట్టి ఎత్తిపోయడం ఒక్కటే కాదు. ఆ పొడి చేతికీ, చెప్పుకీ, ఇంట్లోకీ చేరే దారులన్నీ మూయాలి. మట్టి తీస్తూ దుమ్ము లేపితే తీయకుండా ఉన్నప్పటికన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి ఎక్కువగా అమెరికాలో మిసోరీ, కాన్సాస్, ఓక్లహోమా రాష్ట్రాలు కలిసే సీసం, జింకు గనుల ప్రాంతంలో స్థిరపడింది. 1850ల నుంచి 1970 దాకా అక్కడ తవ్వకాలు సాగాయి. ఖనిజాన్ని దంచి, కడిగి, సీసం తీసుకున్నాక మిగిలిన గులకరాళ్ల వ్యర్థాన్ని అక్కడివాళ్లు ‘చాట్’ అంటారు. అది కొండల్లా పేరుకుపోయింది. చౌకగా దొరికేది కాబట్టి ఇళ్ల ముందు కారు దారుల్లో, సందుల్లో, పునాదుల కింద, చివరికి పిల్లలు ఆడుకునే ఇసుక గుంటల్లో కూడా పోశారు. ఓక్లహోమాలోని పిచర్ ఊరు ఆ గుట్టల మధ్యే బతికి, చివరికి ఖాళీ అయిపోయింది. మిసోరీ వైపు జాస్పర్ కౌంటీలో, జాప్లిన్ చుట్టుపక్కల, వేల ఇళ్ల పెరళ్లను తవ్వి కొత్త మట్టి పోశారు. ఐడహోలోని బంకర్ హిల్‌లో కూడా అదే పని జరిగింది. అక్కడ సీసం కరిగించే కార్ఖానాలో 1973లో పొగ వడపోసే గది కాలిపోయింది. మరుసటి ఏడాది పరీక్షిస్తే మైలు లోపు ఉన్న పిల్లల్లో దాదాపు అందరి రక్తంలోనూ సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటింది. ఇప్పుడు 3.5 వచ్చినా జాగ్రత్త పడాలంటున్నారు.

పార పట్టుకునే ముందు

ఆరేళ్లలోపు పిల్లలుంటే, గర్భిణి ఉంటే మట్టి ఫలితాల కోసం ఆగకండి. ముందు రక్త పరీక్ష చేయించండి. వేలి కొసన సూదితో గుచ్చి తీసే పరీక్షలో చర్మం మీది దుమ్ము కలిసి అంకె ఎక్కువగా రావచ్చు. 3.5 దాటితే నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూడాలి.

తర్వాత మీ ఇల్లు సూపర్‌ఫండ్ (బాగా కలుషితమైన స్థలాలను శుభ్రం చేసే అమెరికా ప్రభుత్వ పథకం) పరిధిలో ఉందేమో కనుక్కోండి. జాస్పర్ కౌంటీ గనుల ప్రాంతం 1990లో, ఓక్లహోమాలోని టార్ క్రీక్ 1983లో ఆ జాబితాలో చేరాయి. పరిధిలో ఉంటే పరీక్ష, తవ్వకం, కొత్త మట్టి, పచ్చిక ఖర్చంతా ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) భరిస్తుంది. ఇంటి యజమాని అనుమతి పత్రం మీద సంతకం చేస్తే చాలు. అద్దెకుంటే యజమాని చేత సంతకం చేయించుకోండి. ఉచితంగా, సరిగ్గా జరిగే పనిని సొంతంగా మొదలుపెట్టి చెడగొట్టుకోవద్దు. మీరు తవ్వి కుప్ప పోస్తే పైమట్టి, కిందిమట్టి కలిసిపోయి పాత పరీక్షల అంకెలకు విలువ లేకుండా పోతుంది.

ఇల్లు కొన్నప్పుడు ‘ఈ పెరడు ఇప్పటికే శుభ్రమైంది’ అనే ఉత్తరం ఇచ్చారా? దాని మీద సంవత్సరం, హద్దు అంకె చూడండి. జాప్లిన్‌లో మొదటి విడత పనికి హద్దు 800 పీపీఎం (కిలో మట్టిలో అన్ని మిల్లీగ్రాముల సీసం), బంకర్ హిల్‌లో 1000. ఇళ్ల మట్టికి ఈపీఏ చాలా కాలం వాడిన 400 అంకెను 2024 జనవరిలో 200కి తగ్గించింది. అప్పట్లో 700 ఉందని వదిలేసిన పెరడు ఇప్పటి లెక్కలో శుభ్రమైనది కాదు. పైగా తుపానో, కొత్త కట్టడమో కింది మట్టిని పైకి తేవచ్చు. 2011 మే 22న జాప్లిన్‌ను సుడిగాలి చీల్చినప్పుడు చెట్లు వేళ్లతో సహా లేచి, పునాదులు తవ్వి, పూడి ఉన్న చాట్ మళ్లీ పైకి వచ్చింది. అక్కడ మళ్లీ మట్టి పరీక్షలు, మళ్లీ తవ్వకాలు తప్పలేదు.

నమూనాలు తీయడం

పెరడంతా ఒకటే మట్టి అనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. సీసం మచ్చలు మచ్చలుగా ఉంటుంది. కారు దారి పక్కన 2,500 ఉండి, పది అడుగుల అవతల 150 ఉండవచ్చు. అందుకే ఆవరణను భాగాలు చేసుకోవాలి: ముందు వాకిలి, వెనక పెరడు, పక్క సందులు, పిల్లలు ఆడుకునే చోటు, కూరగాయల మడి, కారు దారి. వీటన్నిటికీ విడిగా చూరు కింది పట్టీ ఒకటి. గోడకు 6 అంగుళాల దూరం నుంచి 30 అంగుళాల దాకా ఉండే ఈ పట్టీలో కప్పు మీద పేరుకున్న గని దుమ్ము, గోడల పాత రంగు పెచ్చులు రెండూ చేరతాయి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. చూరు కింద మాత్రమే అంకె మండిపోతూ, మిగతా పెరడు మామూలుగా ఉంటే తప్పు గనిది కాదు, గోడది. రంగు సంగతి తేల్చకుండా ఆ పట్టీ తవ్వితే అయిదేళ్లలో మళ్లీ అదే అంకె వస్తుంది.

కావాల్సినవి: స్టీలు తాపీ, ప్లాస్టిక్ బకెట్, జిప్ సంచులు, స్కేలు, చేతి తొడుగులు, చెరగని ఇంకు పెన్ను.

1. ఒక్కో భాగంలో అయిదు చోట్లు ఎంచుకోండి, నాలుగు మూలల వైపు నాలుగు, మధ్యలో ఒకటి. చూరు పట్టీకి మాత్రం ఇంటి నాలుగు వైపుల నుంచి ఒక్కోటి.
2. గడ్డిని పక్కకు తీసి, పై అంగుళం మట్టి మాత్రమే తీసుకోండి. గడ్డి వేళ్లకు పట్టిన మట్టిని బకెట్లోకి దులపండి. దుమ్మంతా అక్కడే ఉంటుంది.
3. అయిదు చోట్ల సమానంగా తీసి, బకెట్లో బాగా కలిపి, పావు కిలో సంచిలో వేయండి. భాగం పేరు, లోతు, తేదీ రాయండి.
4. తర్వాతి భాగానికి వెళ్లే ముందు తాపీ, బకెట్ సబ్బుతో కడిగి తుడవండి.
5. పై అంగుళం అంకె ఎక్కువగా వచ్చిన భాగాల్లో మళ్లీ 0 నుంచి 6, 6 నుంచి 12, 12 నుంచి 18 అంగుళాల లోతుల్లో విడివిడిగా తీయండి. ఎంత లోతు తవ్వాలో చెప్పేది ఇవే.

ప్రయోగశాలలో అడగాల్సిన మాట ‘మొత్తం సీసం’, ఆమ్లంలో కరిగించి చూసేది. ఎరువుల మోతాదు కోసం చేసే మామూలు మట్టి పరీక్ష పనికిరాదు. అందులో తేలికగా విడివడే భాగాన్నే కొలుస్తారు కాబట్టి అంకె మోసపూరితంగా తక్కువ వస్తుంది. ఇంకో మాట కూడా చెప్పండి: నమూనాను 150 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందపడిన పొడినే పరీక్షించాలి. చేతికి అంటేది ఆ పొడే. జల్లెడ పట్టకపోతే గులకరాళ్ల బరువు కలిసి సీసం పలచబడినట్టు కనిపిస్తుంది. ఎక్స్‌రేలతో కొలిచే, చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నిమిషంలో అంకె చెబుతుంది కానీ, తడి మట్టి మీద పెడితే తక్కువ చూపిస్తుంది. మట్టి ఆరబెట్టి, జల్లెడ పట్టి కొలవాలి. అలా కొలిచినవాటిలో కొన్నిటిని ప్రయోగశాలకూ పంపి పోల్చుకోవాలి.

కప్పాలా, తవ్వాలా

కెనడా ఇళ్ల మట్టికి 140 అంటుంది, కాలిఫోర్నియా 80 అంటుంది, ఈపీఏ 200. మా లెక్క ఇలా ఉంటుంది. 200 లోపు ఉంటే చెప్పులు బయట విడవడం, చేతులు కడగడం, నేల కనిపించకుండా పచ్చిక ఉంచడం సరిపోతాయి. 200 నుంచి 400 మధ్య ఉంటే కప్పడం మంచి మార్గం, ఆటస్థలం, కూరగాయల మడి తప్ప. 400 దాటిన చోట పిల్లలు తిరిగితే తవ్వాలి. 1,200 దాటితే ఎవరు తిరిగినా తిరగకపోయినా తవ్వాలి, అదీ సీసం పనిలో శిక్షణ, అనుమతి ఉన్న కాంట్రాక్టర్‌తో.

కప్పడమంటే చెక్క తురుము రెండు అంగుళాలు చల్లడం కాదు. ఏడాదిలో అది కుళ్ళి, కుక్క తవ్వి, నేల మళ్లీ కనిపిస్తుంది. నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద కనీసం 6 అంగుళాల శుభ్రమైన మట్టి, దాని మీద పచ్చిక ఉండాలి. లేదంటే కాంక్రీటు. పొదల కింద తురుమే వేయాలనుకుంటే 4 నుంచి 6 అంగుళాలు వేసి, ఏటా నింపుతుండాలి.

నేలను యంత్రంతో దున్ని పైమట్టిని కిందిమట్టిలో కలిపేస్తే అంకె పడిపోతుందని కొందరు చెబుతారు. 900 ఉన్న 4 అంగుళాల పొరను శుభ్రమైన 8 అంగుళాల్లో కలిపితే 12 అంగుళాలూ దాదాపు 300 అవుతాయి. తీయాల్సిన మట్టి మూడింతలవుతుంది. ఈ పని చేయకండి.

ఆవ, పొద్దుతిరుగుడు మొక్కలు సీసాన్ని పీల్చేస్తాయన్న మాట కూడా నమ్మకండి. సీసం వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఆకుల్లోకి చాలా కొద్దిగా వస్తుంది. ఎక్కువ ఎక్కించడానికి రసాయనాలు కలిపితే అది నీటితో భూగర్భంలోకి దిగుతుంది. ఫాస్ఫేట్ సంగతి వేరు. జాప్లిన్ పెరటి మట్టిలో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి చేసిన ప్రయోగాల్లో సీసం తేలికగా కరగని ఖనిజంగా మారి, కడుపులోకి వెళ్లినా ఒంటికి పట్టేది తగ్గింది. కానీ మట్టిలో సీసం తగ్గదు, పరీక్షలో అంకె మారదు. ఆర్సెనిక్ కూడా ఉన్న చోట ఫాస్ఫేట్ దాన్ని వదులు చేస్తుంది. ఆమ్లంతో ఇంట్లో ప్రయోగాలు వద్దు. కప్పిన నేలకు కంపోస్టుతో పాటు ఎముకల పొడి అదనపు రక్షణగా వాడుకోవచ్చు, అంతవరకే.

తవ్వకం

ముందు లెక్క వేయండి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న పెరడును అడుగు లోతు తీస్తే 1,200 ఘనపు అడుగులు. అంటే 44 ఘన గజాల పైచిలుకు, మన లెక్కలో 34 ఘన మీటర్లు. బిగుసుకుని ఉన్న మట్టి తవ్వగానే పొంగుతుంది. పాతిక శాతం కలుపుకుంటే 55 ఘన గజాలు. 12 గజాలు పట్టే టిప్పర్‌కు అయిదు ట్రిప్పులు, బరువు 60 టన్నులకు అటూ ఇటూ. పారా, చక్రాల బండీతో వారాంతంలో ముగించే పని కాదిది. పది అడుగుల ఆటస్థలం, ఒక కూరగాయల మడి అయితే సొంతంగా చేసుకోవచ్చు. అంతకు మించితే కాంట్రాక్టర్ కావాలి. అప్పుడు మీ పని కింద రాసినవి సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూడటం.

పనికి కొన్ని రోజుల ముందే 811కు ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. మురుగు ట్యాంకు మూత, తోట నీటి గొట్టాలు మాత్రం మీరే చూపించాలి. గోడలు, మెట్లు, కంచె ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆట వస్తువులు కడిగి లోపల పెట్టండి. పని రోజుల్లో పిల్లలు, గర్భిణులు, కుక్కలు ఇంట్లో ఉండకపోవడమే మేలు. తవ్వే వైపు కిటికీలకు ప్లాస్టిక్ పట్టా అంటించి, ఏసీ ఆపాలి. ఏసీ యంత్రం బయటి భాగం పెరట్లోనే ఉంటే దాన్ని కప్పడం మరిచిపోతుంటారు.

పనివాళ్లకు సన్నని పొడిని ఆపే పీ100 మాస్కు, నైట్రైల్ తొడుగులు, పైన వేసుకుని పారేసే దుస్తులు, పెరట్లోనే వదిలే బూట్లు ఉండాలి. గుడ్డ మాస్కు సీసం పొడిని ఆపదు. తవ్వే చోట తిండి, కాఫీ, సిగరెట్, గుట్కా ఏవీ వద్దు. కడగని చేతితో పెట్టుకునే సిగరెట్ సీసాన్ని నేరుగా నోటికి చేరుస్తుంది. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు.

మట్టి తడి ఎలా ఉండాలన్నది పనంతటికీ కీలకం. పిడికెడు తీసి నొక్కండి. ముద్ద కట్టాలి, కానీ వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. అరచేయి తెరిచి బొటనవేలితో నొక్కితే ముద్ద రెండు ముక్కలుగా విడిపోవాలి. పొడిగా రాలితే దుమ్ము లేస్తుంది, నీళ్లు కారితే బురద పక్కింటికీ మురుగు కాలవకూ పోతుంది. ముందు రోజు సాయంత్రం సన్నని జల్లుతో తడిపి, పని జరుగుతున్నంత సేపూ ఒక మనిషి గొట్టంతో తుంపర చల్లుతూ ఉండాలి. గాలి గట్టిగా వీస్తే పని ఆపాలి. ఆకులు ఊదే యంత్రం అసలే వద్దు.

టిప్పర్ నిలిచే చోటుకు దూరంగా ఉన్న మూలలో మొదలుపెట్టి, దాని వైపు తవ్వుకుంటూ రావాలి. తవ్విన నేల మీద మళ్లీ బండి తిరగకూడదు. పచ్చిక కూడా కలుషితమైనదే, దాన్ని మట్టితో పాటే పంపాలి. గోడకు అడుగున్నర లోపు, గ్యాసు మీటరు చుట్టూ, చెట్ల నీడ పడే పరిధిలో యంత్రం వద్దు, చేతి పనే. పెద్ద వేళ్లు కోస్తే చెట్టు ఆ ఏడు పచ్చగానే ఉండి రెండేళ్లకు ఎండిపోతుంది. రెండు అంగుళాలు దాటిన వేళ్లను వదిలి, మధ్యలోంచి 6 అంగుళాల దాకా మట్టి తీసి, శుభ్రమైన మట్టితో నింపాలి. పునాది కింది అంచును మించి లోతుగా గోడ పక్క తవ్వకండి. అలా తవ్విన గుంటలో రాత్రి వాన నిలిస్తే సెల్లార్‌లోకి నీరు దిగుతుంది. అందుకే ఒక రోజు నింపగలిగినంతే ఆ రోజు తవ్వాలి.

టిప్పర్ తొట్టికి లోపల ప్లాస్టిక్ పరిచి, పైన టార్పాలిన్ బిగించి పంపండి. రోడ్డెక్కే ముందు చక్రాలకు అంటిన మట్టిని గీకి దులపాలి. పక్కదారి మీద పడ్డ మట్టిని తడి చీపురుతో ఊడ్చి ఎత్తాలి. మట్టి ఎక్కడికి పోతుందో కాగితం మీద రాయించుకోండి. నీటిలోకి ఎంత సీసం విడుదలవుతుందో చూసే టీసీఎల్‌పీ పరీక్షలో లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. ‘ఎవరికో గుంట పూడ్చుకోవడానికి మట్టి కావాలట’ అన్న బేరం ఒప్పుకోకండి. చాట్ ఊళ్లోకి వచ్చింది అలాగే.

ఎక్కడ ఆపాలి, నారింజ వల ఎందుకు

అడుగు లోతుకు వచ్చాక గుంట అడుగున మళ్లీ అయిదు చోట్ల నమూనా తీయాలి. హద్దు కన్నా తక్కువ వస్తే నింపేయవచ్చు. ఎక్కువ వస్తే రెండు దారులు: ఇంకో 6 అంగుళాలు దిగడం, లేదా అక్కడితో ఆపి గుర్తు వేయడం. కూరగాయల మడిలో మాత్రం 24 అంగుళాల దాకా దిగాలి. పారతో తిరగేసే లోతు, వేళ్లు దిగే లోతు అంతే.

గుర్తు అంటే రోడ్డు పనుల దగ్గర కంచెగా కట్టే నారింజ రంగు ప్లాస్టిక్ వల. అడుగున పరిచి, అంచులు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా వేసి, మేకులతో బిగించాలి. నీళ్లు ఆపే పట్టా వేయకండి. దాని మీద నీరు నిలిచి పచ్చిక కుళ్ళుతుంది. ఈ వల మట్టిని ఆపడానికి కాదు, మనిషిని ఆపడానికి. పదిహేనేళ్ల తర్వాత ఇంకెవరో కంచె స్తంభానికి గుంట తీస్తారు. పార కొసన నారింజ పోగులు పైకి వస్తాయి. అక్కడ ఆగాలని వాళ్లకు చెప్పడానికి వేరే ఎవరూ ఉండరు. జాగా పక్కాగా శుభ్రమైందని చెప్పే కాంట్రాక్టర్లు కొందరు ఈ వల ఖర్చు మిగుల్చుకుంటారు. నింపకముందే మీరే దిగి చూసి ఫోటో తీసుకోండి.

కొత్త మట్టి

కొత్త మట్టి టిప్పర్ ఎక్కకముందే దాని మూలం దగ్గర నమూనా తీసి సీసం, ఆర్సెనిక్, కాడ్మియం చూడండి. సీసం 100 లోపు ఉండాలి, 50 లోపు దొరికితే మంచిది. గనుల ప్రాంతంలో ఏటి ఒడ్డు మట్టి, చౌక గ్రావెల్ అనుమానించాల్సినవే. కొనే మట్టి 55 ఘన గజాలు, నింపాక బిగుసుకుని 44 అవుతుంది. కింద ఆరు అంగుళాలు మామూలు శుభ్రమైన మట్టి, పైన ఆరు అంగుళాలు సారవంతమైన మట్టి. ఆరేసి అంగుళాల పొరలుగా వేసి తొక్కించాలి. ఒకేసారి పోస్తే మొదటి పెద్ద వానకు గోడ పక్క కుంగి, నీరు ఇంటి వైపు పారుతుంది. గోడ నుంచి పది అడుగుల దూరానికి ఆరు అంగుళాల వాలు ఉండాలి, మట్టి మట్టం చెక్క గోడ అంచుకు ఆరు అంగుళాలు కిందే ఆగాలి.

విత్తనం కన్నా పచ్చిక చాపలు ఖర్చు, కానీ పరిచిన రోజే నేల మూతపడుతుంది. మొదటి నెల రోజులూ నీళ్లు తప్పకూడదు. కారు దారిలోని చాట్ తీసి సున్నపురాయి కంకర వేయండి, వీలైతే కాంక్రీటు. పెరడు శుభ్రం చేసి వెనక సందును వదిలేస్తే చెప్పులు, చక్రాలు, కుక్క కాళ్లు ఆ దుమ్మును మళ్లీ తెస్తాయి. సందు మీది కాకపోతే నగరపాలక సంస్థకు రాసి పెట్టండి.

ఇంటి లోపల

బయట పచ్చిక వేశాకే లోపల మొదలుపెట్టాలి, ముందు చేస్తే రెండుసార్లు చేయాలి. మామూలు వాక్యూమ్ సన్నని పొడిని వెనక నుంచి గాలిలోకి వదులుతుంది. హెపా వడపోత ఉన్నదే వాడాలి. పైనుంచి కిందికి: కిటికీ గాడులు, గడపలు, నేల. హెపాతో పీల్చి, సబ్బు నీళ్ల తడిగుడ్డతో తుడిచి, మళ్లీ హెపా. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి పిండడానికి. పాత కార్పెట్ ఎంత పీల్చినా వదలదు, తీసేయడమే. అటకను కదపకండి, దశాబ్దాల కార్ఖానా దుమ్ము అక్కడుంటుంది. గుమ్మం బయటొకటి, లోపలొకటి చాపలు వేయండి. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. వచ్చే అతిథులకూ అదే చెప్పండి.

ఇంకో విషయం తెలుగు ఇళ్లలో ముఖ్యంగా చూడాల్సింది. పెరడు శుభ్రమయ్యాక కూడా పిల్లల రక్తంలో సీసం దిగకపోతే సిందూరం, కాటుక, విడిగా తెచ్చుకున్న పసుపు, భస్మాలు కలిసిన మందులు, సీసం కలిసిన కళాయి వేసిన ఇత్తడి గిన్నెలు చూడండి. మట్టినొక్కదాన్నే నిందిస్తే అసలు దారి తెరిచే ఉంటుంది.

పెరటి కూరలు

గోంగూర, తోటకూర, పాలకూర, కొత్తిమీర నేలకు దగ్గరగా పెరుగుతాయి. వాన చినుకు చిమ్మిన మట్టి ఆకు అడుగున అంటుకుంటుంది. ముల్లంగి, క్యారెట్, చిలగడదుంప తొక్కకు మట్టి పడుతుంది. టమాటా, వంకాయ, బెండ, బీర, చిక్కుడు మేలు, కాయలోకి సీసం చాలా తక్కువ చేరుతుంది. మట్టి అంకె 200 దాటితే ఆకుకూరలు, దుంపలు ఎత్తు మడుల్లోనే వేయండి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడికి 32 ఘనపు అడుగులు, అంటే 1.2 ఘన గజాల మట్టి పడుతుంది. కింద గుడ్డ పరచాలి. పాత రైలు పట్టాల చెక్కలు, పాత రంగు వేసిన పలకలు వాడొద్దు. మడుల మధ్య నడిచే దారి కూడా కప్పాలి, లేకపోతే అక్కడి దుమ్మే మడిలో పడుతుంది. కంపోస్టు వేసి, మట్టి ఉదజని సూచికను (పీహెచ్) 6.5 నుంచి 7 మధ్య ఉంచండి. ఆకుకూరను లీటరు నీళ్లలో 10 మిల్లీలీటర్ల వెనిగర్ కలిపి నానబెట్టి, ఆపైన రెండు నీళ్లలో కడగండి.

యంత్రాలు లేని ఊళ్లలో

పల్నాడు జిల్లాలో అగ్నిగుండాల దగ్గర బండ్లమొట్టు కొండ మీద హిందుస్థాన్ జింక్ సీసం తవ్వేది. ఇలాంటి పాత గని పక్క ఊళ్లలో మట్టిలో సీసం ఉందనీ, లేదనీ పరీక్ష లేకుండా అనకూడదు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పైన చెప్పినట్టే నమూనాలు పంపవచ్చు. 2025 జూలైలో వచ్చిన కలుషిత స్థలాల నియమాలు గని పనుల కాలుష్యాన్ని మామూలుగా పరిధిలోంచి మినహాయించాయి. కాబట్టి ఫలితాలతో పంచాయతీ ద్వారా కలెక్టర్‌కూ, కాలుష్య నియంత్రణ మండలికీ రాయాల్సి ఉంటుంది.

పనికి ఆదర్శం నైజీరియాలోని జంఫారా. 2010లో అక్కడ సీసం ఎక్కువున్న బంగారు రాయిని ఇళ్లలోనే దంచడం వల్ల 400కు పైగా పిల్లలు చనిపోయారు. ఊళ్లను అక్కడివాళ్లే చేతి పారలతో శుభ్రం చేశారు. 1,000 పీపీఎం దాటిన మట్టిని తీసి ఊరి బయట గుంటల్లో పూడ్చి, కొత్త మట్టి పోశారు. 400 నుంచి 1,000 మధ్య ఉన్నదాన్ని కనీసం 8 సెంటీమీటర్ల శుభ్రమైన మట్టితో కప్పారు. మన వాకిళ్లకు ఇంకా గట్టి కప్పు ఉంది: పల్నాట్లో దొరికే నాపరాళ్లు పరిచి సందులు సిమెంటుతో మూయడం. అది అయ్యేదాకా పొడి చీపురుతో వాకిలి ఊడ్వద్దు. ముందు కళ్ళాపి చల్లి, తడి ఇంకాక ఊడవండి. గంపతో ఎత్తిన ఆ చెత్తను పెంట మీద వేయకుండా సంచిలో కట్టి పెట్టండి.

తర్వాతి ఏడాది

మొదటి నాలుగైదు పెద్ద వానల తర్వాత కుంగిన చోట్లు చూసి, మిగుల్చుకున్న శుభ్రమైన మట్టితో నింపండి. పచ్చిక ఎండి నేల కనిపించే మచ్చలు వారంలోగా మూసేయండి. ఏడాదికి ఒకసారి ఆటస్థలంలో, చూరు కింద, సందు అంచున పై అంగుళం మళ్లీ పరీక్షించండి. పిల్లల రక్త పరీక్ష మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చేయించండి. ఎముకల్లో చేరిన సీసం మెల్లగా రక్తంలోకి వస్తుంటుంది కాబట్టి అంకె నెలల తరబడి నెమ్మదిగా దిగుతుంది, అది చూసి బెంగపడొద్దు. దిగకపోయినా, పెరిగినా వైద్యుడిని కలవడంతో పాటు ఇల్లంతా మళ్లీ వెతకండి.

చివరగా ఒక కాగితం మీద ఆవరణ పటం గీయండి. ఎక్కడ ఎంత లోతు తీశారు, వల ఎక్కడ పరిచారు, ఏ చెట్టు కింద మట్టి వదిలేశారు, అడుగున మిగిలిన అంకె ఎంత, కొత్త మట్టి ఎక్కడిది. ఫలితాల కాగితాలు, ఫోటోలు, ఈపీఏ ఉత్తరం దానికి జతచేసి ఇంటి పత్రాలతో కలిపి ఉంచండి. ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా ఒక నకలు తీసి తాళాలతో పాటే ఇవ్వండి.